ఇరవై నిమిషాల బెంచీ

లిండివే నాతో మాట్లాడిన మొదటి మాట, "ఊదండి."

రెండో మాట, "గట్టిగా ఊదండి. పిల్లనగ్రోవి కాదది."

మూడో మాట, "పక్కకి నిలబడండి."

సోమవారం పొద్దున్న ఐదూ నలభై. మా కిట్వే ఊరి రాగి గని గేటు దగ్గర నా వెనక డెబ్భైమంది లైన్లో ఉన్నారు. ఆమె చేతిలోని యంత్రం ఎర్రగా వెలిగి కీచుమంది. సున్నా పాయింట్ సున్నా మూడు.

నేను వైండర్ డ్రైవర్ని. గనిలోకి మనుషుల్ని దించే ఇనుప గదిని కేజ్ అంటాం. దాన్ని దించడానికీ లేపడానికీ ఉన్న లివరు నా చేతిలో ఉంటుంది. ఒక్కో విడతకి నలభైమంది. అందుకే ఈ ఉద్యోగంలో చేరినప్పటినుంచి పెళ్లి విందుల్లో కూడా నారింజ సోడాతోనే సరిపెట్టుకుంటాను. అలాంటి నన్ను పట్టుకుని ఆ అరచేయంత యంత్రం తాగుబోతు అంటోంది.

కొత్త సేఫ్టీ ఆఫీసర్ వస్తుందని, ఆ సోమవారం నుంచి అందరూ ఊదాలని, సున్నా దాటితే లోపలికి పోనివ్వరని ముందే నోటీసు అంటించారు. ఆమె చొక్కా మీద పేరు చూశాను. లిండివే జేరే. జేరే అన్నది న్గోనీ తెగవాళ్ల ఇంటిపేరు. అది చదవగానే నాకు నవ్వొచ్చింది.

నేను బెంబా తెగవాణ్ణి మరి. మా ముత్తాతలూ వాళ్ల ముత్తాతలూ ఒకప్పుడు ఈటెలతో పొడుచుకున్నారట. ఆ గొడవ తీరాక, ఇకమీదట నోటితోనే పొడుచుకుందాం, ఎవరూ కోపం తెచ్చుకోకూడదు అని ఒప్పుకున్నారట. అప్పటినుంచి బెంబావాళ్లూ న్గోనీవాళ్లూ ఎక్కడ ఎదురుపడ్డా, చివరికి చావింట్లో అయినా సరే, బావామరదళ్ల వరసే. తిట్టుకోకపోతేనే మర్యాద తప్పినట్టు.

కాబట్టి ఇది కూడా వేళాకోళమే అనుకున్నాను.

"అబ్బో! యంత్రానికి కూడా బెంబావాణ్ణి తిట్టడం నేర్పావే మరదలా," అన్నాను. "బాగుంది. ఇక జరుగు, అవతల కేజ్ ఎదురుచూస్తోంది."

"మీ కార్డివ్వండి."

"ఎలుకలు తినే నోటికి ఎంత దర్జా!"

లైనంతా ఘొల్లుమంది. ఆమె పెదవి కూడా ఒక చివర కదిలింది, నేను చూశాను. అయినా నా చేతిలోంచి కార్డు లాగేసుకుంది.

"కోతుల్ని తినేవాళ్లు ఎలుకల గురించి మాట్లాడకూడదు బావగారూ," అంది మెల్లగా. "అది వేళాకోళం. ఇది మాత్రం కాదు. ఇంటికెళ్లి రేపు రండి."

నేను ఇంకా నవ్వుతూనే గేటు దాటబోయాను. ఇద్దరు గార్డులు చెరో రెక్క పట్టుకుని బయటికి నడిపించారు. అప్పుడు గాని నా నవ్వు ఆగలేదు.

రెండో డ్రైవర్ వచ్చేదాకా గంటన్నరసేపు కేజ్ కదల్లేదు. మధ్యాహ్నానికల్లా కథ మా వీధికి చేరింది. మా అమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఎప్పట్నుంచిరా ఈ అలవాటు?" అని కళ్లొత్తుకుంది. ఒట్టేసి చెప్పినా నమ్మలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. పొద్దున్నుంచి నా నోట్లో పడిందేమిటా అని లెక్కేసుకుంటే ఒకటే తేలింది. గేటు ముందు చోలావాళ్లమ్మ అమ్మే మున్‌కోయో.

మొక్కజొన్న జావలో అడవి వేరు దంచి కలిపితే అయ్యే తియ్యటి పానీయమది. మొదటిరోజు చంటిపిల్లలకి పడతారు. రెండోరోజు పులుస్తుంది. మూడోరోజుకి నాలుక మీద కాస్త కొరుకుతుంది. సోమవారం చోలావాళ్లమ్మ బకెట్లో ఉన్నది శనివారం కలిపింది.

మర్నాడు పొద్దున్నే ఆ మిగిలిన మున్‌కోయో గ్లాసు నిండా పోయించుకుని నేరుగా సేఫ్టీ ఆఫీసుకి వెళ్లాను. బల్ల మీద ఠపీమని పెట్టాను.

"తాగండి."

"ఏంటిది?"

"మున్‌కోయో. నేను తాగిన మందు ఇదే."

"డ్యూటీలో ఉన్నాను."

"చంటిపిల్లలు తాగేదానికి భయమా మరదలా? మీ ముత్తాతలు యుద్ధం ఎలా చేశారో ఏమో!"

ఆమె నావైపు చురుగ్గా చూసి, గ్లాసెత్తి, గుక్క తిప్పుకోకుండా తాగేసింది. పెదవి తుడుచుకుని తనే యంత్రం తీసి ఊదింది. కీచుమంది. సున్నా పాయింట్ సున్నా నాలుగు.

"పక్కకి నిలబడండి మేడమ్," అన్నాను.

కోప్పడుతుందనుకున్నాను. ఆమె నోరు పుక్కిలించి వచ్చి, వాచీ చూసుకుని కూర్చుంది.

"ఇరవై నిమిషాలు ఆగాలి. నోట్లో అంటుకున్నది వేరు, ఒంట్లోకి ఎక్కింది వేరు. నోట్లోదైతే ఈలోగా పోతుంది."

"ఇది మీకు ముందే తెలుసా?"

"ట్రైనింగ్‌లో చెప్పారు."

"మరి నిన్న నాకెందుకివ్వలేదు ఆ ఇరవై నిమిషాలు?"

ఆమె వాచీ మీంచి తలెత్తి, "లైను పెద్దదిగా ఉంది, తొందరపడ్డాను. తప్పు నాదే," అంది.

తప్పు నాదే అన్న ఆఫీసర్ని నేను అంతకుముందు చూడలేదు. నా కోపం అక్కడే చచ్చిపోయింది. ఇరవై నిమిషాల తర్వాత ఆమె మళ్లీ ఊదితే సున్నా వచ్చింది. నా ముందే రిజిస్టర్ తీసి, నా పేరు పక్కన రాసిందంతా కొట్టేసి సంతకం పెట్టింది.

ఆ వారం సేఫ్టీ కమిటీ మీటింగ్ జరిగింది, నన్నూ పిలిచారు. "ఈ గొడవంతా ఎందుకు, పరిమితే కాస్త పెంచేద్దాం. రోడ్డు మీద పోలీసులు కూడా కొంతదాకా వదిలేస్తారుగా," అన్నారు యూనియన్ వాళ్లు. మేనేజర్ సిముకొండా గారు కూడా తల ఊపబోయారు.

లిండివే లేచింది. "రోడ్డు మీద మీ బ్రేకు మీ కాలికింద ఉంటుంది సార్. కేజ్‌లో నలభైమంది బ్రేకు ఇంకొకడి చేతిలో ఉంటుంది. పరిమితి సున్నాయే ఉండాలి."

గదంతా గోలగోలైంది. కార్మికుల వైపు నుంచి ఆమెకి మద్దతుగా లేచిన చెయ్యి నాదొక్కటే.

"సున్నా అంటే సున్నాయే," అన్నాను. "కానీ రెండుసార్లు కొలవండి. మధ్యలో ఇరవై నిమిషాలు ఆగండి."

అలా పాలసీ మారింది. గేటు పక్కన రేకుల పందిరి కింద ఒక బెంచీ వేశారు. మొదటిసారి యంత్రం అరిస్తే మనిషి ఆ బెంచీ మీద ఇరవై నిమిషాలు కూర్చోవాలి. ఏమీ తినకూడదు, తాగకూడదు. తినలేదని సాక్ష్యానికి ఆఫీసర్ దగ్గరే కూర్చుని, ఆ ఇరవై నిమిషాలూ అతని ముఖం మీంచి చూపు తిప్పకూడదు. ఈ రూలు రాసింది లిండివేయే. తర్వాత జరిగినదానికి నన్నొక్కణ్ణే అంటే ఎలా?

మొదటిసారి నిజంగా మర్చిపోయే తాగాను. బెంచీ మీద కూర్చున్నాను. ఆమె ఎదురుగా కుర్చీ వేసుకుని రూలు ప్రకారం నన్ను చూసింది. అంత పెద్ద కళ్లతో, అంత శ్రద్ధగా, ఇరవై నిమిషాలు! పుట్టి ఇరవై ఏడేళ్లయినా నన్నెవరూ అలా చూడలేదు. మర్నాడు ఐదింటికే, లైను మొదలవకముందే గేటు దగ్గర ఉన్నాను.

"చోలావాళ్లమ్మా, పులిసినది ఉందా?"

"పులుపెందుకురా కబాసో? వేవిళ్లా ఏంటి?"

"ఉందా లేదా?"

ఆవిడ నన్నూ, అవతల యంత్రం పట్టుకుని నిలబడ్డ లిండివేనీ మార్చి మార్చి చూసింది. ఇక అప్పట్నుంచి నాకోసం రోజూ ఒక సీసా వేరే దాచిపెట్టేది.

వానలు మొదలయ్యాయి. రేకుల మీద వాన పడుతుంటే ఒకరి మాట ఒకరికి వినపడక ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకునేది. గట్టివాన పడ్డరోజు మరీ దగ్గరికి. నేను రోజూ సాయంత్రం మబ్బులకేసి చూసేవాణ్ణి.

"మీ బెంబావాళ్లకి నోరే ఆస్తి," అనేది.

"మీ న్గోనీవాళ్లకి ఆ ఆస్తి మీద కన్ను."

"నవ్వకండి. నవ్వితే ఏదైనా మింగినా కనిపెట్టలేను."

"మీరు చూడాల్సింది నోరేనా?"

"రూలు ప్రకారం ముఖమంతా."

ఒకరోజు వాన కాస్త తెరిపిచ్చింది. ఆమె గొడుగు మడుస్తూ, ఉన్నట్టుండి వాళ్ల నాన్న సంగతి చెప్పింది. ఆయనా గనిలోనే చేసేవాడట, వేరే ఊళ్లో. ఇరవై ఎనిమిదేళ్ల క్రితం ఒక వైండర్ డ్రైవర్ పొద్దున్నే తాగొచ్చి లివరు పట్టుకున్నాడు. కేజ్ ఆగాల్సిన చోట ఆగలేదు. ఆరుగురికి కాళ్లు విరిగాయి. ఆయన ఎడమకాలు పొట్టిదైపోయింది. అప్పట్నుంచి క్యాబేజీ తోట వేసుకుని బతుకుతున్నాడు. ఏ గని గేటూ దాటలేదు.

"అందుకే నేనీ ఉద్యోగంలో చేరాను," అంది. "మా ఇంట్లో వైండర్ డ్రైవర్ అన్న మాట కూడా అనకూడదు. ఇక అల్లుడంటే..."

అని టక్కున ఆగిపోయింది. నేను ఆమెనే చూస్తున్నాను. ఇరవై నిమిషాలు పూర్తికాకుండానే ఆమె చూపు తిప్పేసుకోవడం అదే మొదలు.

"అల్లుడంటే?"

"ఊదండి!" అని యంత్రం నా నోట్లో కుక్కింది.

ఆరోజు నేను కేజ్‌ని ఎంత మెత్తగా దించానో! కింద దిగినవాళ్లు గుడ్ల బుట్టలా దించావురా అన్నారు.

నా సంతోషం నెలాఖరుదాకానే. నలభై రోజుల రిజిస్టర్ మేనేజర్ బల్లమీదికి వెళ్లింది. మొదటి పరీక్షలో యంత్రం అరిచినవాళ్ల జాబితాలో మిగతావాళ్ల పేర్లు ఒకటీ రెండుసార్లు ఉన్నాయి. కబాసో పేరు ఇరవై ఆరుసార్లు ఉంది.

విచారణకి పిలిచారు. సిముకొండా గారు కళ్లద్దాలు సవరించుకున్నారు. ఒక పక్క లిండివే తల దించుకుని కూర్చుంది.

"ఇరవై ఆరుసార్లు, కబాసో! రెండోసారి సున్నా వచ్చిందంటున్నారు, సరే. కానీ యంత్రం అరుస్తుందని తెలిసి తెలిసి రోజూ అదే తాగి వచ్చేవాడి చేతికి నలభైమంది ప్రాణాలు ఎలా ఇవ్వమంటావు? ఎందుకు తాగుతున్నావు?"

"అలవాటు సార్."

"మానలేవా?"

లైసెన్సు కాగితం ఆయన ముందే ఉంది. ఒక్క సంతకంతో రద్దయిపోతుంది. లివరు పోతే పోయింది, ఇంకో పని చూసుకోవచ్చు. కానీ తాగుడువల్ల లైసెన్సు పోయిన వైండర్ డ్రైవర్‌గా ఆ క్యాబేజీ తోట గేటు తట్టగలనా? నిజం చెబుదామంటే ఆమె పరువు పోతుంది.

"మిస్ జేరే," అన్నారాయన. "ఇది మీరెందుకు పైకి చెప్పలేదు?"

ఆమె ముఖం పాలిపోయింది. అది చూసి నావల్ల కాలేదు.

"ఆవిడ తప్పేమీ లేదు సార్. నేను మున్‌కోయో తాగింది ఆ ఇరవై నిమిషాల కోసం."

"ఏ ఇరవై నిమిషాలు?"

"బెంచీ మీద కూర్చునేవి. రూలు ప్రకారం ఆవిడ నన్ను చూడాలి కదా సార్. ఆ చూపు కోసం. నాకావిడంటే ఇష్టం. ఆవిడకి తెలియదు."

యూనియన్ మనిషికి పొలమారింది.

"తెలుసు," అంది లిండివే.

అందరం అటు తిరిగాం.

"మూడోరోజే తెలిసింది సార్. షిఫ్టుకి గంట ముందు వచ్చి, నన్ను చూస్తూ చూస్తూ తాగేవాణ్ణి ఏమనుకోవాలి? ఆపాల్సింది నేను. ఆపలేదు." గొంతు సవరించుకుంది. "పైగా గేటు డ్యూటీ నాది వారానికి మూడురోజులే. మిగతా రోజులు అడిగి మార్పించుకున్నాను. ఇతనికి శిక్ష వేస్తే నాకూ వెయ్యండి."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. విచారణలో ఉన్నానని గుర్తొచ్చి చేతులు కట్టుకున్నాను.

సిముకొండా గారు పాలసీ పుస్తకం తీసి మొదటినుంచి చివరిదాకా తిరగేశారు. ఆయన మీసాలు అదురుతున్నాయి.

"గేటు దగ్గర ప్రేమించుకోకూడదని ఎక్కడా రాయలేదు. రాయాల్సింది," అన్నారు. "లైసెన్సు ఉంటుంది. ఇద్దరికీ మందలింపు ఉత్తరాలు. కబాసో, షిఫ్టు ముందు మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టకు. మిస్ జేరే, ఇతన్ని ఇకనుంచి మీరు పరీక్ష చెయ్యకూడదు. మీ యంత్రం సరిగ్గానే కొలుస్తుంది, మీ కళ్ల మీదే నాకు నమ్మకం లేదు."

లిండివే సరేనన్నాక, ఆచారం ప్రకారం మా మేనమామ ఒక పళ్లెంలో గుర్తుగా నాణెం పెట్టి, పైన ఇంకో పళ్లెం బోర్లించి, జేరే వాళ్లింటికి తీసుకెళ్లాడు. ఆ పై పళ్లెం పిల్ల తీస్తే ఒప్పుకున్నట్టు. వాళ్లనాన్న పిల్లని పిలవనే లేదు. పళ్లెం వెనక్కి తోసేశాడు.

"నా కాలు విరిచింది వైండర్ డ్రైవరే. పిల్లని కూడా వాళ్లకే ఇవ్వాలా?"

మా మామయ్య తిరిగొచ్చి ఇది చెప్పినరోజు నాకు ముద్ద దిగలేదు. బెంచీ లేదు, మున్‌కోయో లేదు. పొద్దున్నే ముసలి గార్డు నా చేత ఊదించి, నా ముఖం చూడకుండానే పొమ్మనేవాడు. లిండివే దూరంనుంచి ఒకసారి చెయ్యూపేది. నెలన్నర అలాగే గడిచింది.

ఏడాదికోసారి మా గనిలో కుటుంబాల రోజు ఉంటుంది. ఇంట్లోవాళ్లని లోపలికి తీసుకెళ్లి చూపిస్తారు. ఆ శనివారం నేను డ్యూటీకి వచ్చేసరికి గేటు దగ్గర కోటు వేసుకుని, చేతికర్ర పట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. పక్కన లిండివే. ఆమె కళ్లు చూస్తే రాత్రంతా ఆ ఇంట్లో ఏదో వాదన జరిగిందని తెలిసింది.

"కబాసో అంటే నువ్వేనా?"

"అవునండీ."

"ఊదు."

ఊదాను. సున్నా.

"ఇరవై నిమిషాలాగి మళ్లీ ఊదాలట కదా?"

"అది మొదటిసారి అరిస్తేనే నాన్నా," అంది లిండివే.

"నాకు తెలుసు. కూర్చో," అన్నాడు నాతో.

బెంచీ మీద ఆయన పక్కన కూర్చున్నాను. కూతురికంటే శ్రద్ధగా చూశాడు నన్ను.

"నా కాలు విరిచిన ఆ డ్రైవర్ నాకు స్నేహితుడే," అన్నాడు పది నిమిషాలయ్యాక. "తాగుతాడని మా అందరికీ తెలుసు. ఎవరం చెప్పలేదు. మంచివాడు, ఉద్యోగం పోతుందని జాలిపడ్డాం."

"మా గేటు దగ్గర మీ అమ్మాయి జాలిపడదండీ," అన్నాను. "మొదటిరోజే రెక్క పట్టి గెంటించింది."

ఆయన ముఖంలో కోపమో నవ్వో ఏదో కదిలింది. "మళ్లీ ఊదు," అన్నాడు. సున్నా. ఆయన కర్ర ఊతంగా పెట్టుకుని లేచాడు. "సరే. నన్ను దించు."

వైండర్ గదిలోంచి కేజ్ కనపడదు. లోతు చూపించే ముల్లు, గంట, అంతే. గంట మూడుసార్లు మోగింది. మనుషులెక్కారు, కదిలించు అని. చేతులు ప్యాంటుకి తుడుచుకుని లివరు పట్టుకున్నాను. రోజూ వందలమందిని దించేవాణ్ణి, ఆరోజు ఒక్క కాలు గురించే ఆలోచించాను. ముల్లు మెల్లగా జరుగుతూ గీత దగ్గరికొచ్చింది. బ్రేకు వేశాను.

తర్వాత పైకి రమ్మనే గంట మోగలేదు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. పావుగంటకి మోగింది. మూడుసార్లు, కాస్త తడబడుతూ, మా వాళ్లు కొట్టినట్టు కాదు.

పైకి తెచ్చాను. కాసేపటికి మెట్లమీద కర్ర చప్పుడు. జేరే పెద్దాయన నా గది గుమ్మంలో నిలబడ్డాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఆ గంట నేనే కొట్టాను," అన్నాడు. "కొట్టనిచ్చారు."

"దెబ్బేమైనా తగిలిందాండీ? కాలికి..."

"మా రోజుల్లో కేజ్ ఆగితే మోకాలికి తెలిసేది. ఇవాళ ఆగిందని అమ్మాయి చెబితే తెలిసింది." గది అంతా ఒకసారి చూసి, నా లివరు మీద చెయ్యేసి తీసేశాడు. "మీ మామయ్య ఆ పళ్లెం ఇంకా ఉంచాడా?"

"ఉంచాడండీ!"

"ఆదివారం మళ్లీ తెమ్మను."

పిల్ల పళ్లెం తీసేదాకా పెళ్లికొడుకు ఆ ఇంటి గడప తొక్కకూడదు కాబట్టి ఆదివారం నేను వీధి చివర మినీబస్ స్టాప్‌లో కూర్చున్నాను. చోలావాళ్లమ్మ కూడా వచ్చింది, కోడిపెట్టని సంతకి తెచ్చినంత జాగ్రత్తగా మున్‌కోయో సీసా ఒళ్లో పెట్టుకుని. ఫోను మోగింది. అవతల మామయ్య.

"ఒరేయ్, పళ్లెం పెట్టారురా. వాళ్లనాన్న పిలిచాడు. పిల్ల బయటికి రావట్లేదు! తలుపేసుకుని కూర్చుంది. పది నిమిషాలైంది. అందరూ నా ముఖమే చూస్తున్నారు. మనసు మార్చుకుందేమోరా!"

నేను వాచీ చూసుకున్నాను. నవ్వాగలేదు.

"ఇంకో పది నిమిషాలు కూర్చో మామయ్యా."

"ఏంట్రా నవ్వుతావు?"

"అది వేళాకోళం. న్గోనీ మరదలు కదా. కూర్చో, అటూ ఇటూ చూడకు. ఏమీ తినకు, తాగకు."

ఫోను పెట్టెయ్యలేదు. చెవికి ఆనించుకునే కూర్చున్నాను. సన్నగా చినుకులు మొదలయ్యాయి, చోలావాళ్లమ్మ కొంగు నెత్తిన కప్పుకుంది. సరిగ్గా ఇరవయ్యో నిమిషానికి అవతల తలుపు కిర్రుమంది. ఆడవాళ్లు ఒక్కసారిగా కిలకిలమన్నారు, పళ్లెం మీద పళ్లెం జరిగిన చప్పుడు వినపడింది. తర్వాత లిండివే గొంతు, ఫోను దాకా చేరేంత గట్టిగా.

"బావగారితో చెప్పండి, సున్నా వచ్చింది. లోపలికి రావచ్చు!"